ఫ్రెడ్డీని ఇంకా తలుచుకుంటున్నారా?

ప్ర: క్వీన్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయి ఇన్నేళ్లయినా ఫ్యాన్స్ ఇంకా తలుచుకుంటారా అండీ? మన ఇండియాలో చదివాడంట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జ: నిజమేనండీ. 1946లో జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లాడు, మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ పియానో నేర్చుకుని ఫ్రెండ్స్‌తో మొదటి బ్యాండ్ పెట్టింది కూడా అక్కడే. 1991 నవంబర్ 24న లండన్‌లో పోయాడు, 45 ఏళ్లే, ఎయిడ్స్ అని లోకానికి చెప్పింది ముందురోజే, ఎంత మోశాడో లోపల. స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఊళ్లో, జెనీవా సరస్సు ఒడ్డున చెయ్యి పైకెత్తిన అతని విగ్రహం ఉంది, ఫ్యాన్స్ ఇప్పటికీ దాని కాళ్ల దగ్గర పూలు పెడుతూనే ఉన్నారు. 1985లో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీలో అతను పాడిన ఆ 20 నిమిషాలు ఒక్కసారి చూడండి, అతను ఒక కూత తీస్తే లండన్ వెంబ్లీ స్టేడియం మొత్తం తిరిగి అంటుంది, నాకైతే ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.