శరీరం మారిపోయే కథల్లో భయం ఎక్కడి నుంచి వస్తుంది?

మనిషి చెట్టుగా మారే కథ రాస్తున్నానని, ఎంత వర్ణించినా భయం పుట్టట్లేదని బెంగళూరు నుంచి అడిగారు. వర్ణన తగ్గించండి. మనసు పాతదే ఉండి ఒళ్లు మాట వినకపోవడమే అసలు భయం. 1915లో అచ్చయిన, జర్మన్‌లో రాసిన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా కథ ‘మెటమార్ఫసిస్’లో గ్రెగర్ అనే ఉద్యోగి పురుగై నిద్ర లేస్తాడు, అతని టెన్షన్ మాత్రం పనికెళ్లే రైలు తప్పిపోయిందని! ఆ పురుగు బొమ్మ వేయొద్దని కాఫ్కా ప్రచురణకర్తకు రాశాడు కూడా.

మీ కన్నడ స్నేహితులను పూలచెట్టుగా మారే అమ్మాయి జానపద కథ అడగండి. ఒక బిందె నీళ్లు పోస్తే చెట్టు, రెండో బిందె పోస్తే మళ్లీ మనిషి. ఆడపడుచు, ఆమె స్నేహితురాళ్లు కొమ్మలు విరిచేసి, ఆ రెండో బిందె సరిగా పోయకుండానే వెళ్లిపోతారు. చేతులూ కాళ్లూ లేని మొండెం మిగులుతుంది. ఏ దయ్యం కథా నన్ను ఇంతగా వణికించలేదు. నియమం చిన్నది, చెడగొట్టింది ఇంట్లోవాళ్లే.

కవితకైతే ఒక్క అవయవం చాలు. గాజు తీద్దామంటే రాదు, మణికట్టు దగ్గర బెరడు కట్టింది. శాపం ఎవరిచ్చారో మాత్రం చెప్పకండి.