యూనివర్సిటీ ఆఫీసు సిబ్బందికి ఎలాంటి కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: యూనివర్సిటీలో పరీక్షలు, అకౌంట్స్, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లకు కొత్త కంప్యూటర్లు కొనాలి. అందరికీ ఒకే కాన్ఫిగరేషన్ రాసి ఇండెంట్ (కొనుగోలు కోరే పత్రం) పెట్టేయమని పైనుంచి చెబుతున్నారు. ఏం రాయాలి, సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి?

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, కొనుగోలు కమిటీల్లోనూ కూర్చున్నాను. నా సలహా ఒక్కటే. ఇండెంట్ రాసే ముందు ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి, అక్కడి మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తున్నారో చూడండి. ప్రాసెసర్ అందరికీ ఒకటే అయినా నష్టం లేదు. మానిటర్, స్కానర్, ప్రింటర్, తెలుగు టైపింగ్, బ్యాకప్ మాత్రం సీటును బట్టి మారాలి.

ముందు సీపీయూ సంగతి. ఇటీవలి తరం ఐ5 గానీ రైజెన్ 5 గానీ చాలు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఐ7 కావాలని కమిటీలో ఎవరో ఒకరు పట్టుబడతారు. కానీ ఈరోజు మన పని ఎక్కువగా బ్రౌజర్‌లోనే జరుగుతోంది. యూనివర్సిటీ పనులు నడిపే సమర్థ్ పోర్టల్ అయినా, డిజీలాకర్‌లో మార్కుల మెమోలు ఎక్కించడమైనా, ఆన్‌లైన్‌లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీస్ అయినా నెమ్మదిగా నడిస్తే దానికి కారణం చాలాసార్లు నెట్‌వర్కో, అవతలి సర్వరో. ఐ7కు పెట్టే అదనపు డబ్బు రెండో మానిటర్‌కు పెట్టండి. స్క్రీన్‌లోనే సీపీయూ కలిసి ఉండే ఆల్-ఇన్-వన్ టేబుల్ మీద బాగుంటుంది గానీ, స్క్రీన్ పోతే మొత్తం మెషినే సర్వీసుకు వెళ్లాలి. సీపీయూ వేరు, మానిటర్ వేరుగా ఉంటేనే ఆఫీసుకు మంచిది.

పాతవాటిని అన్నింటినీ తీసేయాల్సిన పని లేదు. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019 సపోర్టు కూడా అదే రోజుతో అయిపోయింది. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే విండోస్ 11కు పనికొస్తాయి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. ఆ అర్హత ఉన్న పాత మెషిన్లకు ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి తపాలు సెక్షన్‌కు ఇవ్వండి, హాయిగా నడుస్తాయి. కొత్తవాటికి విండోస్ 11 హోమ్ కాకుండా ప్రో రాయండి. అన్ని మెషిన్లనూ ఒకేచోటు నుంచి నడిపే డొమైన్‌లో కలపాలన్నా, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ను పూర్తిగా మన చేతిలో ఉంచుకోవాలన్నా ప్రోనే కావాలి.

రెండో మానిటర్ ఎవరికి? వెరిఫికేషన్ చేసేవాళ్లకు, ట్రాన్స్‌క్రిప్టులు తయారుచేసేవాళ్లకు. విదేశాలకు వెళ్లే పిల్లల దరఖాస్తులు కట్టలుగా వచ్చే రోజుల్లో, ఒకవైపు అందరి మార్కులూ రాసి ఉంచే పాత టేబులేషన్ రిజిస్టర్ స్కాన్, రెండోవైపు టైప్ చేస్తున్న షీటు కనిపిస్తుంటే కంటికి ఎంత తెరిపో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒకే స్క్రీన్‌లో విండోలు మార్చుకుంటూ మార్కులు కొడితే కింది వరుస అంకె పై వరుసలో పడుతుంది. తప్పు పడితే ఆ పిల్లవాడి అడ్మిషన్‌కే ఎసరు. అకౌంట్స్‌లో పెద్ద షీట్లు చూసేవాళ్లకు 24 అంగుళాల మానిటర్ ఒకటి చాలు.

ఎక్సెల్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆఫీసుల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పోర్టల్ నుంచి సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) దించుకుని డబుల్ క్లిక్ చేశారనుకోండి. 12 అంకెల హాల్‌టికెట్ నంబరు, విద్యార్థికి ఇచ్చే అపార్ ఐడీ ఒక చుక్కా, ఒక ‘ఈ’ అక్షరం, ప్లస్ 11తో కుదించుకుపోయి కనిపిస్తాయి. అలాగే సేవ్ చేసి పోర్టల్‌కు తిప్పి ఎక్కిస్తే అసలు అంకెలు ఫైలులోంచి పోతాయి. సున్నాతో మొదలయ్యే కోడ్‌కు ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 15 అంకెలు దాటిన ఖాతా నంబరుకు ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలైపోతాయి. కాబట్టి డబుల్ క్లిక్ వద్దు. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలు తెచ్చుకుని, ఆ కాలమ్‌లను ‘టెక్స్ట్’గా ఎంచుకోవాలి. తెలుగు పేర్లుంటే సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి, లేకపోతే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. సెక్షన్‌లో ప్రతి ఒక్కరికీ ఇది కూర్చోబెట్టి చూపించండి. ఏ కాన్ఫిగరేషనూ ఇవ్వలేని లాభం ఇది.

ఈ ఒక్క విషయంలో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ మేలు. సీఎస్‌వీ తెరవగానే ఏ కాలమ్ ఏ రకమో అదే అడుగుతుంది. ఉచితం కూడా. లెటర్లు, నోట్ ఫైళ్లు, ఒకే లెటర్‌ను చాలామంది పేర్లతో తీసే మెయిల్ మెర్జ్ వరకే పనున్న సీట్లకు నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. మాక్రోలు (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న పాత ఎక్సెల్ షీట్ల మీద బతికే అకౌంట్స్‌కు, ఫలితాలు ప్రాసెస్ చేసేవాళ్లకు మాత్రం మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లైసెన్సు కొనండి. క్రాక్ వెర్షన్లు మాత్రం వద్దే వద్దు, మార్కుల డేటా ఉన్న మెషిన్‌లో అసలే వద్దు.

ఇక తెలుగు. చాలా యూనివర్సిటీల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల ప్రోగ్రాము, అను ఫాంట్లే. ఆ ఫైలు వేరే మెషిన్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. పేరుతో వెతికితే దొరకదు, ఈ-ఆఫీస్‌లో అతికిస్తే చదవలేం. కొత్త కంప్యూటర్లతో పాటే, ఏ మెషిన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌కు మారడానికి ఇదే సమయం. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ (ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేది), ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక లేఅవుట్) కీబోర్డులు ఉన్నాయి. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఏళ్ల తరబడి అను ఫాంట్లతో వాడే ‘యాపిల్’ కీబోర్డు లేఅవుట్‌కు వేళ్లు అలవాటుపడిన టైపిస్టులను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని ఇబ్బంది పెట్టకండి. అదే లేఅవుట్‌లో యూనికోడ్ వచ్చే కీబోర్డు ప్రోగ్రాము పెట్టివ్వండి. వాళ్ల వేగం ఆఫీసుకు ఆస్తి. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, ముఖ్యంగా పేర్లలోవి, మనిషి కళ్లతో చూడాల్సిందే.

ప్రింటర్లు సీటుకొకటి వద్దు. సెక్షన్‌కు నెట్‌వర్క్ లేజర్ ఒకటి, రెండువైపులా ప్రింట్ తీసేది పెట్టండి. కొనేముందు మెషిన్ ధర కాదు, టోనర్ ధరను పేజీల సంఖ్యతో భాగించి చూడండి. లేజర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. దరఖాస్తులకు షీట్ ఫీడర్ ఉన్న స్కానర్ కావాలి. అయితే బైండు చేసిన పాత టేబులేషన్ రిజిస్టర్లు అందులో వెళ్లవు. వాటికి పైనుంచి ఫొటో తీసే బుక్ స్కానర్ ఒకటి మొత్తం విభాగానికి కొనండి, బైండింగు విప్పనివ్వకండి. స్కాన్ చేయడానికి నాప్స్2 అనే ఉచిత ప్రోగ్రాము బాగుంటుంది, పేజీలు కలపడం, వరుస మార్చడం అందులోనే అయిపోతుంది. ఆధార్ కాపీలు, మెమోలు తీసుకెళ్లి ఏదో ఒక ఆన్‌లైన్ పీడీఎఫ్ సైట్‌లో ఎక్కించే అలవాటు మాన్పించండి. అవి పిల్లల వ్యక్తిగత వివరాలు, 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది.

బ్యాకప్‌కు మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే భవనంలో ఉండాలి. ఆ బ్యాకప్‌లోంచి ఒక ఫైలు వెనక్కి తీసి, తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడూ చూడాలి. ఫలితాల ముందు రోజు డిస్కు పోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

బడ్జెట్ కోస్తే కంప్యూటర్ల సంఖ్య తగ్గించండి గానీ యూపీఎస్, బ్యాకప్, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ కొట్టేయనివ్వకండి. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో బిడ్ పెట్టేటప్పుడే వారంటీ, ఎస్‌ఎస్‌డీ, విండోస్ ప్రో మూడూ స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా రాయాలి. అక్కడ రాయనిది తర్వాత అడిగినా రాదు.