ఎక్స్‌రెఫ్ తెగిపోతే పని చేయనట్టేనా?

ప్రశ్న: హనుమకొండలో ఆటోక్యాడ్ డ్రాఫ్టింగ్ చేస్తుంటాను. కరీంనగర్‌లోని ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసుకు నర్సింగ్‌హోమ్ వర్కింగ్ డ్రాయింగ్స్ 14 షీట్లు 90 వేలకు ఒప్పుకున్నాను. 30 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. ఫైళ్లు మెయిల్ చేసిన మూడో రోజే ‘గోడలు, పిల్లర్లు కనిపించడం లేదు’ అని వాట్సాప్ పెట్టారు. నా సిస్టంలో అన్నీ కనిపిస్తున్నాయి. ఎనీడెస్క్ (దూరం నుంచే వాళ్ల సిస్టం నడిపే సాఫ్ట్‌వేర్) ఇస్తే సరిచేస్తానన్నా ఇవ్వలేదు. వేరేవాళ్లతో గీయించుకున్నాం, అడ్వాన్స్ వాపస్ ఇవ్వు, లేదంటే చీటింగ్ కేసు పెడతామంటున్నారు. ఒప్పందమంతా మెయిళ్లలోనే ఉంది. మిగతా డబ్బు అడగొచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అడగొచ్చు. అయితే లాయర్ నోటీసు కంటే ముందు సరైన ఫైళ్లు వాళ్లకు చేరాలి. మీ సిస్టంలో కనిపిస్తున్నాయన్న మాట కోర్టులో పెద్దగా అక్కరకు రాదు. అప్పగించాల్సింది వాళ్ల సిస్టంలో తెరుచుకునే పనిని.

గోడలూ పిల్లర్లూ షీట్ ఫైల్లో ఉండవు. అవి బేస్ ప్లాన్‌లో ఉంటాయి. షీట్‌లో ఉండేది ఆ ప్లాన్ అడ్రస్ (పాత్) మాత్రమే. ఇలా బయటి ఫైలును అతికించడాన్నే ఎక్స్‌రెఫ్ అంటారు. అది ఫుల్ పాత్ అయితే మీ డి డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరు మొత్తం అందులో రాసి ఉంటుంది. కరీంనగర్ సిస్టంలో ఆ ఫోల్డర్ లేదు కాబట్టి ‘నాట్ ఫౌండ్’ అని వస్తుంది. 2018 వెర్షన్ నుంచి కొత్తగా అటాచ్ చేసేవాటికి రిలేటివ్ పాతే (షీటు ఉన్న చోటు నుంచి లెక్కగట్టే అడ్రస్) డిఫాల్ట్. కానీ పాత డ్రాయింగ్‌ను కాపీ చేసి మొదలుపెడితే పాత ఫుల్ పాతే వెంట వస్తుంది. బేస్ ఫైలు ఒక డ్రైవ్‌లో, షీటు ఇంకో డ్రైవ్‌లో ఉంటే రిలేటివ్ పాత్ కుదరనే కుదరదు.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: బేస్ ఫైలు ఆ మెయిల్‌లో వెళ్లిందా, లేదా? పంపిన మెయిల్ తెరిచి అటాచ్‌మెంట్లు చూడండి. షీట్లు మాత్రమే వెళ్లి ఉంటే డెలివరీ అసంపూర్తిగా జరిగినట్టే, తప్పు మీది. బేస్ కూడా వెళ్లి, పాత్ మాత్రమే తెగి ఉంటే మీ పరిస్థితి చాలా మెరుగు. ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో ‘సెలెక్ట్ న్యూ పాత్’ ఇస్తే ఆ ఫైలు అతుక్కుంటుంది. రాసి ఉన్న పాత్‌లో దొరక్కపోతే ఆటోక్యాడ్ షీటు ఉన్న ఫోల్డర్‌లోనూ వెతుకుతుంది కాబట్టి, రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టినా చాలు. ఇంత సులువైన మార్గం ఉండగా మొత్తం మళ్లీ గీయించి, ఆ ఖర్చు మీ నెత్తిన వేస్తామంటే చెల్లదు. కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టం లెక్కగట్టేటప్పుడు ఆ ఇబ్బందిని తొలగించుకునే మార్గాలు ఏమున్నాయో చూడాల్సిందే. ఆ తెగినవి వాళ్లిచ్చిన సర్వే ఫైలో, టైటిల్ బ్లాకో అయితే ఆ సంగతి కూడా రాసిపెట్టుకోండి. ‘సేవ్డ్ పాత్’ చూస్తే ఫైలు ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఎనీడెస్క్ అడిగిన మెసేజ్ మీకు బంగారం. పని పూర్తి చేయడానికి తగిన వీలు కల్పించనివాడు, ఆ కారణంగా జరగని పనికి అవతలివాడిని తప్పుపట్టలేడని అదే చట్టంలోని 67వ సెక్షన్ చెబుతోంది. దాన్ని 38వ సెక్షన్‌తో జోడించాలి. షరతులు పెట్టకుండా, తగిన సమయంలో పని అప్పగించబోతే, వాళ్లు తీసుకోకపోయినా మీ హక్కు పోదు. అంటే ‘డబ్బిస్తేనే ఫైళ్లు’ అని ఇప్పుడు అనకండి.

అప్పగించే పద్ధతి ఇది. ముందు అసలు ఫోల్డర్‌ను ముట్టుకోకుండా కాపీ తీయండి. మెయిల్‌లో పంపిన ఫైళ్లను మళ్లీ సేవ్ చేస్తే తేదీలు మారతాయి, అది మీకే నష్టం. కాపీలో ఎక్స్‌రెఫ్‌లన్నీ రిలేటివ్‌కు మార్చి, ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరు మార్చి షీట్లు తెరవండి. ఎక్కడైనా ఫుల్ పాత్ మిగిలి ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత ఈ-ట్రాన్స్‌మిట్‌తో (షీట్లకు కావాల్సిన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే ఆటోక్యాడ్ కమాండ్) జిప్ చేయండి. అందులో ఎక్స్‌రెఫ్‌లతో పాటు ఇమేజ్‌లు, పీడీఎఫ్ అండర్‌లేలు, సీటీబీ (ప్రింట్‌లో గీతల మందం, రంగుల సెట్టింగ్) ఫైళ్లూ వెళ్తాయి. ఫాంట్ల ఆప్షన్ టిక్ చేశారో లేదో చూసుకోండి. ఆ జిప్‌ను మీ సిస్టంలో కాకుండా, మీ ఫోల్డర్లు లేని, ఆటోక్యాడ్ ఉన్న ఏ మిత్రుడి సిస్టంలోనైనా తెరిచి చూసి, 14 షీట్ల పీడీఎఫ్‌లతో కలిపి మెయిల్ చేయండి. బైండ్ చేసి (బేస్‌ను షీట్‌లోనే కలిపేసి) పంపమని కొందరు చెబుతారు. బైండ్ చేస్తే బేస్ మార్చినా షీట్లు మారవు, లేయర్ పేర్ల మధ్య డాలర్ గుర్తులు వస్తాయి. అదనపు సెట్‌గా పంపవచ్చు గానీ, అసలు సెట్ అదే కాకూడదు.

ఈ మెయిల్ తేదీకి ఇంకో విలువ ఉంది. ఒప్పందం నాటికే మీకు ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) నమోదు ఉంటే ఎంఎస్ఎంఈ చట్టం, 2006 వర్తిస్తుంది. పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే వాళ్లు పనిని ఒప్పుకున్నట్టే. వస్తే, ఆ అభ్యంతరాన్ని మీరు తీర్చిన రోజే ఒప్పుకున్న రోజు. వాట్సాప్ కూడా రాతే కాబట్టి వాళ్ల అభ్యంతరం లెక్కలోకి వస్తుంది. డబ్బు చెల్లించాల్సిన గడువు దాటాక ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఇలాంటి బాకీల గొడవలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. గొడవ మొదలయ్యాక నమోదు చేసుకుంటే పాత పనికి పనికిరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయితే 2025లో నమోదు ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది.

నమోదు లేకపోతే సివిల్ దావాయే. పని చేసి ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు గడువు. అంతకుముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ పెట్టండి. 60 వేల కోసం కోర్టు చుట్టూ ఏళ్లకేళ్లు తిరగడం కంటే లోక్ అదాలత్ మేలని నా అభిప్రాయం. అక్కడ రాజీ కుదిరితే డిక్రీతో సమానం.

సాక్ష్యం విషయంలో జాగ్రత్త. మెయిళ్లు, ఫైళ్లు కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 (ఒక హ్యాష్ పద్ధతి) అని చేర్చి ఇస్తే ఆ విలువ వస్తుంది. జిప్ పంపిన రోజే తీసి, ఆ మెయిల్‌లోనే రాసేయండి.

చీటింగ్ బెదిరింపుకు భయపడొద్దు. భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం అనాలంటే మొదటినుంచీ వంచించే ఉద్దేశం ఉండాలి. 14 షీట్లు గీసి పంపి, సరిచేస్తానని వెంటపడ్డవాడికి అది అంటించడం కష్టం. పోలీసులు పిలిస్తే మెయిళ్ల ప్రింట్లతో వెళ్లండి.

ఇకముందు ఒప్పందం మెయిల్‌లోనే ఒక వాక్యం చేర్చండి: ‘డెలివరీ ఈ-ట్రాన్స్‌మిట్ జిప్, పీడీఎఫ్ రూపంలో ఉంటుంది. లోపాలుంటే 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి, సరిచేసే అవకాశం ఇవ్వాలి.’ ఆటోక్యాడ్ లైసెన్స్ లేకుండా పనిచేస్తుంటే అది కూడా సరిచేసుకోండి. దొంగ కాపీ అని తెలిసీ వాడటం కాపీరైట్ చట్టం 63-బి కింద నేరం.