ఐసీయూలో మొదలుపెట్టిన గ్యాస్ మాత్ర ఇంకా వాడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. నిమోనియాతో ఐసీయూలో చేరితే ఆరు రోజులు వెంటిలేటర్‌పై ఉంచారు. కడుపులో మంట అని ఎన్నడూ అనని మనిషికి రోజూ పాంటోప్రజోల్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎందుకంటే ‘అల్సర్ రాకుండా’ అన్నారు. డిశ్చార్జ్ అయి నాలుగు నెలలైనా పరగడుపున ఆ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. మానేయొచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఐసీయూలో ఆ ఇంజెక్షన్ ఇవ్వడం సబబే. అది జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించే మందు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం రక్తాన్ని ముందు గుండెకు, మెదడుకు మళ్లిస్తుంది. జీర్ణాశయానికి రక్తం తగ్గి, లోపలి జిగురు పొర దెబ్బతింటుంది. ఆమ్లం తగిలి అక్కడ పుళ్లు పడి, రక్తం కారొచ్చు. ఇంతకుముందు అల్సర్ లేకపోయినా ఇలా జరగొచ్చు. మత్తులో ఉన్న రోగి నొప్పి అని చెప్పలేడు. ముక్కు గొట్టంలో కాఫీ మడ్డిలాంటిది కనిపించాకో, విరేచనం తారులా నల్లగా అయ్యాకో బయటపడుతుంది.

48 గంటలు దాటి వెంటిలేటర్‌పై ఉన్నవారికి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారికి, షాక్‌లో (బీపీ ప్రమాదకరంగా పడిపోయి) ఉన్నవారికి, ఒళ్లు బాగా కాలినవారికి, తలకు పెద్ద దెబ్బ తగిలినవారికి ఈ ముప్పు ఎక్కువ. 2024లో వెలువడిన ‘రివైజ్’ అనే అధ్యయనంలో వెంటిలేటర్‌పై ఉన్న 4,800 మందికి పైగా రోగులను పరిశీలించారు. పాంటోప్రజోల్ ఇచ్చినవారిలో తీవ్ర రక్తస్రావం 1 శాతం మందికే అయింది, ఇవ్వనివారిలో 3.5 శాతం మందికి. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇదంతా ఐసీయూలో ముప్పు ఎక్కువున్నవారి మాట. జనరల్ వార్డులో సెలైన్ ఎక్కించుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఇది అక్కర్లేదు. మన దగ్గర రాసేస్తుంటారు, అది వేరే సంగతి.

‘సెలైన్ ఎక్కుతోంది కదా, మళ్లీ గొట్టంలో పాలెందుకు?’ అని బంధువులు అడుగుతుంటారు. బీపీ నిలకడగా ఉంటే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టడం మంచిది. జీర్ణాశయం పొరకు అదీ రక్షణే.

ఇక మీ నాన్నగారి సంగతి. వెంటిలేటర్ తీసి, నోటితో తినడం మొదలయ్యాక ఆ మందు అవసరం సాధారణంగా తీరిపోతుంది. కానీ డిశ్చార్జ్ చీటీలో అలాగే ఉండిపోతుంది, మెడికల్ షాపులో ప్రతి నెలా ఇస్తూనే ఉంటారు. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు, పేగుల ఇన్ఫెక్షన్లకూ అవకాశం పెరుగుతుంది.

అలాగని మీ అంతట మీరే ఆపేయొద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు వాడుతున్నారేమో డాక్టరుకు చెప్పండి. వాటిలో ఏదైనా ఉంటే పాంటోప్రజోల్ కొనసాగించాల్సి రావచ్చు. లేకపోతే ఆపడమో, మోతాదు తగ్గిస్తూ మాన్పించడమో చేస్తారు. మానేశాక ఒకటి రెండు వారాలు మంట, పులితేన్పులు రావచ్చు. అల్సర్ వచ్చిందేమోనని కంగారుపడి మళ్లీ మొదలుపెట్టకండి, ఆ కొన్నాళ్లు యాంటాసిడ్ సిరప్ సరిపోతుంది. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది గానీ, అవి వాడకుండానే తారులా జిగటగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.