కొండెక్కే ముందు ఎవరికి చెప్పావు?

సందేహం: ఆగస్టులో ఎం.ఎస్.కి డెన్వర్ వెళ్తున్నాను. ట్రెక్కింగ్ అంటే ప్రాణం. వెళ్లేలోపు హైదరాబాద్‌లోనే ఒక్క సర్వైవల్ స్కిల్ అయినా గట్టిగా నేర్చుకోవాలని ఉంది. నిప్పు రాజేయడమా, మ్యాప్ చదవడమా, నీళ్లు శుద్ధి చేసుకోవడమా? ఏది ముఖ్యం? – ఉప్పల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ఆ మూడూ తర్వాత. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఒక మనిషికి చెప్పి వెళ్లడం ముందు నేర్చుకో. ఇదేం విద్య అనుకుంటావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను.

నేను డెన్వర్‌లో దిగింది 2004 ఆగస్టులో. మలక్‌పేటలో మా ఇంట్లో ఎప్పుడూ ఆరుగురం ఉండేవాళ్లం. అక్కడేమో శనివారం వస్తే రూమ్మేట్స్ ఇద్దరూ పనికి పోయేవారు, ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినబడేది కాదు. మాట్లాడే మనిషి లేకుండా రెండు రోజులు గడపడం ఎలా ఉంటుందో వెళ్లాక నీకే తెలుస్తుంది. అక్టోబర్‌లో ఒక శనివారం అది భరించలేక, అప్పుడే కొన్న పాత కారేసుకుని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారులే అనిపించింది.

బేర్ లేక్ దగ్గర కారు ఆపాను. ఆ చోటే 9,400 అడుగుల పైన ఉంటుంది. ఒంటి మీద జీన్స్, కాటన్ స్వెట్‌షర్ట్. పొద్దున ఎండ బాగానే ఉంది. రెండు దాటాక మబ్బు కమ్మి మంచు పడటం మొదలైంది, చూస్తుండగానే దారి కప్పుకుపోయింది. నా అడుగుల గుర్తులే నాకు కనబడలేదు. వాగు వెంట దిగితే ఎక్కడో ఒకచోట రోడ్డు తగలకపోతుందా అని వాగు పట్టుకుని నడిచాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. రాళ్ల మీద రెండుసార్లు జారి మోకాళ్ల దాకా తడిశాను. తడిసిన జీన్స్ కాళ్లకు అతుక్కుని, అడుగు వేస్తే చాలు చలి ఎముకల్లోకి దిగేది. జిప్పు పైకి లాగుదామంటే వేళ్లకు పట్టు చిక్కలేదు. చివరికి రెండు అరచేతుల మధ్య ఇరికించి లాగాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

ఇక నడవలేక ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఆరు కావస్తుండగా పైనుంచి రెండు హెడ్‌ల్యాంప్‌ల వెలుగు కనబడింది. అరిచాను. తిరుగుదారిలో ఉన్న ముసలి దంపతులు వాళ్లు. సరైన దారి నాకు రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. ఆయన తన ఉన్ని టోపీ తీసి నా తలకు పెట్టాడు, ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట: “నువ్వు ఇక్కడున్నట్టు ఎవరికి తెలుసు?”

నా దగ్గర జవాబు లేదు. అక్కడ సాయంత్రం ఆరంటే హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజాము ఐదున్నర. అమ్మ పాల ప్యాకెట్లు లోపలికి తెచ్చుకునే టైం. ఆ రాత్రి నా ఫోన్ రాకపోయినా, కాలింగ్ కార్డులో డబ్బులు అయిపోయి ఉంటాయి అనుకునేది. రూమ్మేట్స్ లైబ్రరీలో ఉన్నాననుకునేవారు. సోమవారం క్లాసు దాకా నన్ను ఎవరూ వెతికేవారు కాదు.

ఇప్పుడు సెలవుకొచ్చి, ఆ మలక్‌పేట ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను. అమ్మకు ఈ సంగతి మొన్ననే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పక్క పోర్షన్ వాళ్లకైనా చెప్పి పోవాల్సింది కదరా” అంది. యాదగిరిగుట్టకు ఒక్కరోజు వెళ్లినా తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఎప్పుడొస్తామో చెప్పి వెళ్లే ఇల్లు మాది. ఆ అలవాటు బేగంపేటలో విమానం ఎక్కినప్పుడే వదిలేశాను. నువ్వు శంషాబాద్‌లో వదిలెయ్యకు.

అనంతగిరిలో దారి తప్పితే కాసేపటికి మేకలు కాసే తాతో, కట్టెలేరుకునే అవ్వో కనబడుతుంది. ఆ ధైర్యంతోనే మన పిల్లలు అమెరికాలో కూడా కొండెక్కేస్తారు. వీడియోలు చూసి కత్తి, చెకుముకి రాయి కొనుక్కొచ్చేవాళ్లను ఏటా చూస్తుంటాను. పాపం, వాళ్లకింకా ఆ కొండలు తెలియవు. వేసవిలో చాలాచోట్ల నిప్పు పెట్టడమే నిషేధం.

పంపాల్సిన మెసేజ్ ఇంతే: “బేర్ లేక్ పార్కింగ్. ఎమరాల్డ్ లేక్ దాకా వెళ్లి అదే దారిన వెనక్కి. నీలం కరోలా, కారు నంబర్ ఇది. నాలుగింటికి కారు దగ్గరుంటా. ఏడు దాటినా ఫోన్ రాకపోతే 911కి చెప్పు.” ఇది హైదరాబాద్‌లో అమ్మకు పంపితే లాభం లేదు. 911 అమెరికాలో అత్యవసర నంబర్, ఇక్కడి నుంచి కొడితే అక్కడ మోగదు, ఆమెకు టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు. అక్కడే ఉన్న మనిషికి పంపాలి. పంపాక దారి మార్చుకోకూడదు. తప్పిపోయావని అర్థమైన క్షణమే ఆగిపోవాలి, ఎందుకంటే నువ్వు చెప్పిన దారి పట్టుకునే వాళ్లు వెతుకుతారు.

మిగతావి తేలిక. కాటన్ వద్దు, ఉన్ని గానీ పాలిస్టర్ గానీ వేసుకో. ఒంట్లో వేడి 35 డిగ్రీల కిందికి పడితే హైపోథెర్మియా, అప్పుడు బుర్ర కూడా పనిచేయదు. తడిసి గాలికి నిలబడితే గడ్డకట్టేంత చలి లేకపోయినా అది వస్తుంది. 6,500 అడుగుల పైన నీళ్లు మూడు నిమిషాలు మరగనివ్వాలి. ఒక ఈల, ఒక హెడ్‌ల్యాంప్ ఉంచుకో. పర్మిట్లు, రూల్స్ పార్కు వెబ్‌సైట్‌లో ఉంటాయి.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో 14,000 అడుగులు దాటిన శిఖరాలు 50కి పైగా ఉన్నాయి. పంతొమ్మిది ఎక్కాను, ఒక్కటీ చెప్పకుండా ఎక్కలేదు. మొదట్లో నా మెసేజ్ అందుకున్నది మా కింది ఫ్లాట్ గుజరాతీ అంకుల్. పేరు తెలుసుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. ఒకసారి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఏడు దాటితే మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఆయన గొంతు వణికింది. ఆ ఊళ్లో నా కోసం ఎదురుచూసే మనిషి ఉన్నాడని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

నీకూ దిగగానే అలాంటి మనిషి దొరకడు. పక్క ఫ్లాట్ తలుపు తట్టు, యూనివర్సిటీ హైకింగ్ క్లబ్‌లో చేరు. అప్పటికీ ఎవరూ లేకపోతే నాకు పంపు. ఆగస్టుకి నేనూ డెన్వర్‌లోనే ఉంటాను.