ట్రస్టు దస్తావేజా, వీలునామానా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా నాన్నగారు రిటైర్డు ఉపాధ్యాయులు. మానసిక ఎదుగుదల లేని మా తమ్ముడి పోషణ కోసం బలగలోని స్వార్జితమైన ఇల్లు, పలాస దగ్గర తాతగారి నాటి జీడితోట, బ్యాంకు డిపాజిట్లు ఒక ట్రస్టుకు చెందాలని వంద రూపాయల స్టాంపు కాగితాల మీద రాయించి, నన్నూ అన్నయ్యనూ ట్రస్టీలుగా పెట్టి, నోటరీ చేయించారు. రిజిస్టరు చేయించలేదు. ఇది వినాయక చవితి తర్వాత జరిగింది, దీపావళికి ముందే ఆయన పోయారు. రథసప్తమికి వచ్చిన అన్నయ్య ఆ కాగితం చెల్లదని, ఇల్లు అమ్మేస్తానని అన్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ లేఖలో ఎక్కువ భాగం నాన్నగారికి మీరు చేసిన సేవ గురించి, చివరి రోజుల్లో అన్నగారు తొంగిచూడకపోవడం గురించి ఉంది. ఈ వివాదంలో ఆ రెండూ అక్కరకు రావు. అక్కరకు వచ్చేది మీరు ఫొటో తీసి పంపని మూడో పేజీ. ఆస్తి ట్రస్టుకు ఎప్పుడు చెందుతుందో చెప్పే ఆ పేజీని వదిలేసి, పేర్లున్న మొదటి పేజీని, సంతకాలున్న చివరి పేజీని మాత్రం పంపారు. అయితే ‘నా జీవితకాలం నేనే అనుభవించి, నా తదనంతరం ట్రస్టీల స్వాధీనం కావలెను’ అని నాన్నగారు రాయించినట్టు లేఖ మధ్యలో ఒక చోట ప్రస్తావించారు. కేసు అంతా ఆ వాక్యం మీదే నిలుస్తుంది.

స్థిరాస్తి మీద ట్రస్టు ఏర్పడాలంటే, 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 5వ సెక్షను ప్రకారం, సంతకం చేసి రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలి, లేదా వీలునామా ఉండాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషనుకు బదులు కాదు. మీ అన్నగారికి ఎవరో ఈ సెక్షనులో మొదటి సగమే చెప్పినట్టున్నారు. కాగితానికి పైన ఏ పేరు పెట్టారన్నది కోర్టు పట్టించుకోదు. రాసిన మనిషి బతికుండగానే హక్కు మారిందా, మరణం తర్వాతే మారాలని ఉద్దేశించారా అన్నదే చూస్తుంది. మీరు ఉదహరించిన వాక్యం అలాగే ఉండి, దానికి విరుద్ధమైన మాట మరెక్కడా లేకపోతే, మీ చేతిలో ఉన్నది వీలునామా అని గట్టిగా వాదించవచ్చు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, దాని దాఖలుకు గడువూ లేదు.

అప్పుడు నిరూపణ భారమంతా సాక్షుల మీద పడుతుంది. నాన్నగారు సంతకం చేయడం చూసి గాని, అది తన సంతకమేనని ఆయన ఒప్పుకోగా విని గాని, కనీసం ఇద్దరు ఆయన ఎదుట సంతకాలు చేసి ఉండాలి. వారిలో ఒకరైనా కోర్టుకు వచ్చి ఆ సంగతి చెప్పాలి. చివరి పేజీలో మీ మేనమామగారి సంతకం స్పష్టంగా ఉంది. రెండోది నోటరీ గుమాస్తాది అంటున్నారు. అతను ఆ సమయంలో గదిలో ఉన్నాడా, తర్వాత పెట్టాడా అన్నది ఇప్పుడే తెలుసుకోండి. నోటరీ రిజిస్టరులోని ఆ నంబరు పద్దు నకలు, ఆ నెలల ఆసుపత్రి కాగితాలు, పోలిక కోసం పెన్షను కాగితాల మీది సంతకాలు సేకరించండి.

ఇంత విలువైన అసలు కాగితాన్ని మీరు దస్తావేజు లేఖరి దగ్గర వదిలి రావడం క్షమించరాని అజాగ్రత్త. ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి, లామినేషను చేయించవద్దు. పాత తేదీతో వేరే వీలునామా తయారు చేస్తాననీ, సాక్షులను తానే తెస్తాననీ ఆయన ఇచ్చిన సలహాను అక్కడే వదిలేయండి. వీలునామాను ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షను కింద యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. స్టాంపు కాగితం వెనుక అమ్మిన తేదీ, వరుస నంబరు, కొన్నవారి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టరు తెప్పిస్తే బండారం బయటపడుతుంది, ఆపైన నిజమైన కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మూడో పేజీలో ‘నేటి నుండే స్వాధీనపరచితిని’ అని ఉంటే దారి వేరు. అప్పుడది ట్రస్టు దస్తావేజే. సంతకం నాటి నుంచి నాలుగు నెలల్లో రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి; అనివార్యమైన కారణం చూపితే, రుసుముకు పది రెట్లు మించని జరిమానాతో మరో నాలుగు నెలల దాకా జిల్లా రిజిస్ట్రారు అనుమతించవచ్చు. చవితి నుంచి లెక్కేస్తే మొదటి గడువు దాటిపోయింది, రెండోది నడుస్తోంది. అన్నగారు సంతకాన్ని కాదంటే సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషను నిరాకరిస్తారు. 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు దరఖాస్తు, ఆయనా కాదంటే మరో 30 రోజుల్లో దావా వేయాలి.

జీడితోట సంగతి విడిగా చూడాలి. అది పిత్రార్జితమైతే, నాన్నగారు తన అవిభక్త వాటాను మిగతా సహవారసుల సమ్మతి లేకుండా బతికుండగా ఉచితంగా బదిలీ చేయడం చెల్లదని 1987లో సుప్రీంకోర్టు ఆంధ్ర నుంచి వెళ్ళిన అప్పీలులోనే చెప్పింది. వీలునామా ద్వారా మాత్రం తన వాటా, అంటే నాలుగో వంతు, ఇవ్వగలరు. మిగతాది మీ ముగ్గురిదీ. తోట తాతగారి స్వార్జితమై, ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంతమే. పాత అడంగల్ (గ్రామ భూముల రికార్డు) తీయించి చూడండి. డిపాజిట్లకు అన్నగారు నామినీ అయినా, సొమ్ము తీసుకునే చెయ్యే గాని యజమాని కారు.

రథసప్తమి నాడు ఆయన కాగితాన్ని కాదన్న మాటతో, హక్కు ప్రకటన దావాకు మూడేళ్ళ గడువు మొదలైనట్టే భావించండి. ఆ తేదీ, అక్కడున్నవారి పేర్లు రాసిపెట్టుకోండి. అయితే మూడేళ్ళు ఉన్నాయని కూర్చోవద్దమ్మా, ఇల్లు అమ్మడానికి ఆయనకు మూడు వారాలు చాలు. హక్కు ప్రకటన కోరుతూ, అది తేలకపోతే విభజన కోరుతూ శ్రీకాకుళం సివిల్ కోర్టులో దావా వేసి, అమ్మకం ఆపమని తాత్కాలిక నిషేధాజ్ఞ అడగండి. అమ్మగారిని కూడా పార్టీగా చేర్చండి, కాగితం నిలవకపోతే నాన్నగారి ఆస్తిలో ఆమెకూ మీతో సమాన వాటా వస్తుంది. తమ్ముడి తరఫున దావా నడిపేందుకు (కోర్టు భాషలో ‘సన్నిహిత మిత్రుడు’గా) వేసే వ్యక్తి మీరు కాకుండా మేనమామగారు కూడా కాకుండా ఉంటే మంచిది. మీకు వాటా ఉంది, ఆయన సాక్షి. ఈలోగా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి, 1999 జాతీయ ట్రస్టు చట్టం కింద, తమ్ముడికి సంరక్షకుణ్ణి నియమించమని వైకల్య ధ్రువపత్రంతో దరఖాస్తు చేయండి.