పీహెచ్‌డీ అయి ఆరేళ్లు, హెచ్-ఇండెక్స్ 9. తక్కువా అని అడిగారు. హెచ్-ఇండెక్స్ అంటే మన పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చూపే అంకె.

మీరు మెకానికల్ ఇంజినీరింగ్ అన్నారు గానీ అందులో ఏ పని మీదో చెప్పలేదు. అది తెలియకుండా 9 ఎక్కువో తక్కువో చెప్పలేమండీ.

నా సంగతి చెప్తాను. నాది హీట్ ట్రాన్స్‌ఫర్, అంటే వేడి ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా వెళ్తుందో చూసే పని. బాయిలింగ్ మీద ప్రయోగానికి టెస్ట్ రిగ్ (ప్రయోగ పరికరాల అమరిక) కట్టుకోవడానికే ఏడాదిన్నర పట్టింది. సగం కాలం లీకులు ఆపడంతోనే సరిపోయింది. ఆ పేపర్‌కి ఇప్పటికి 14 సైటేషన్లు, అంటే 14 పేపర్లు దాన్ని ఉదహరించాయి. అదే రోజుల్లో నానోఫ్లూయిడ్స్ (అతి సూక్ష్మ కణాలు కలిపిన ద్రవాలు) మీద సిమ్యులేషన్ పేపరొకటి, అంటే కంప్యూటర్ లెక్కలతో చేసింది, నాలుగు నెలల్లో ముగించాను, దానికి 160 దాటాయి. రెండింటిలో ఏది గట్టి పనో నాకు తెలుసు, ఇంటర్వ్యూ బోర్డుకి తెలియదు.

ఒక సెలవు రోజున ఆ 160లో ఓ నలభై తెరిచి చూశాను. దాదాపు అన్నిట్లోనూ నాది మొదటి పేరాలో, పదిహేను పేపర్ల గుంపులో ఒకటి. ఫలితాన్ని నిజంగా వాడుకున్నవాళ్లు ముగ్గురే. 14 వచ్చినదాన్ని చూస్తే, ఆరుగురు తమ మోడల్‌ని నా రీడింగులతో సరిచూసుకున్నారు.

మన రంగంలో సైటేషన్లు ఎక్కువగా పనిముట్టుకే, అంటే అందరూ వాడుకునే పద్ధతికే పడతాయి. ప్రయోగం చేసిన చాలామంది ఎర్రర్ లెక్కకి 1953 నాటి క్లైన్, మెక్‌క్లింటాక్ వ్యాసాన్నే చూపిస్తారు. టర్బులెన్స్ (ప్రవాహంలో అల్లకల్లోలం) లెక్కలనగానే 1974 నాటి లాండర్, స్పాల్డింగ్ పేపర్. నానోఫ్లూయిడ్ అన్న పేరు తెచ్చిన 1995 నాటి చోయ్ పేపరైతే జర్నల్‌ది కూడా కాదు, కాన్ఫరెన్స్‌ది.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మీ 9కి అర్థం, తొమ్మిదేసి సైటేషన్లకు తగ్గని పేపర్లు తొమ్మిది ఉన్నాయని. అందులో ఒకదానికి వెయ్యి వచ్చినా లెక్క మారదు. పైగా గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టినవి) కలుపుతుంది కాబట్టి ఎంపిక చేసిన ప్రచురణలనే చూసే స్కోపస్ డేటాబేస్‌లో అంకె సాధారణంగా తగ్గుతుంది. దరఖాస్తులో ఏది ఎక్కడిదో రాయండి.

మీవి రిగ్ మీద చేసిన పేపర్లయితే 9కి నేను బెంగపడను. ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ పేపర్లే ఎక్కువైతే కాస్త ఆలోచిస్తాను.

అంకె పెంచుకోవడానికి అడ్డదారులు కనిపిస్తూనే ఉంటాయి. నా పేపర్‌ని అచ్చుకి ముందు పరిశీలించిన ఒక రివ్యూయర్ సంబంధం లేని నాలుగు పేపర్లు చేర్చమన్నాడు, నాలుగూ ఒకే రచయితవి. ఎడిటర్‌కి రాసి, చేర్చలేదు. పేపర్ అచ్చయింది. అందులో గ్రాఫులతో పాటు రా డేటా ఫైలు కూడా పెట్టాను. రెండేళ్లలో తొమ్మిది సైటేషన్లు, అయిదు ఆ ఫైలు కోసమే.